‘లెన్స్ పోయింది’ అనే ముందు

సీడీ ప్లేయరు డిస్కు చదవడం మానేస్తే మన ఊళ్లలో రిపేరు షాపువాళ్లు చెప్పే తీర్పు దాదాపు ఒక్కటే: ‘‘లెన్స్ పోయిందండి, మార్చాలి.’’ వాళ్లు లెన్స్ అనేది లేజరు, అద్దాలు, కాయిళ్లు, కాంతిని పట్టే సెన్సరు అన్నీ కలిసిన పికప్ యూనిట్‌ని. అది మారిస్తే చాలాసార్లు ప్లేయరు బాగవుతుంది కూడా. అయితే బాగున్న పికప్‌ని తీసి పారేసిన సందర్భాలూ తక్కువేం కాదు. గ్రీజు ఎండిపోయినా, మోటారు నీరసించినా, లెన్సు మీద పొగ పేరుకున్నా, అసలు డిస్కే బాగోలేకపోయినా బయటికి కనిపించేది ఒకటే: తెర మీద ‘నో డిస్క్’. ఆ రెండు మాటల వెనక అరడజను జబ్బులుంటాయి. వాటిని విడదీయడానికి ఖరీదైన పరికరాలేమీ అక్కర్లేదు. ట్రే మూసుకున్నాక మొదటి ఐదారు సెకన్లు లోపల ఏం జరుగుతోందో చెవి ఒగ్గి వింటే, వీలుంటే మూత తీసి చూస్తే, సగం రోగం తెలిసిపోతుంది.

ముందు డిస్కు సంగతి. 12 సెంటీమీటర్ల వెడల్పు, 1.2 మిల్లీమీటర్ల మందం ఉన్న పాలీకార్బొనేట్ ప్లాస్టిక్ బిళ్ల అది. పాట ఉండేది మనం జాగ్రత్తగా చూసుకునే మెరుపు వైపు కాదు, పైన బొమ్మ అచ్చువేసిన లేబుల్ వైపు. ప్లాస్టిక్ పై అంచున నొక్కిన గుంతల వరస, దాని మీద పల్చటి అల్యూమినియం పూత, ఆ పైన కాస్త లక్క, దాని మీద లేబుల్. అంతే. గుంత వెడల్పు అర మైక్రాను. వరసకీ వరసకీ మధ్య దూరం 1.6 మైక్రాన్లు, అంటే ఒక్క మిల్లీమీటరు వెడల్పులో 625 చుట్లు. లోపలి అంచు దగ్గర మొదలై బయటికి సాగే ఈ చుట్టని విప్పి పరిస్తే ఐదు కిలోమీటర్లు దాటుతుంది.

గుంత ఉంటే ఒకటి, లేకపోతే సున్నా అని చాలాచోట్ల రాస్తుంటారు. అది సరికాదు. గుంత మొదలైన అంచు, ముగిసిన అంచు ఒకట్లు. మధ్యలో చదునుగా ఉన్నంత మేరా సున్నాలే. 780 నానోమీటర్ల పరారుణ లేజరు కింది నుంచి ప్లాస్టిక్‌లోకి దూరి, అల్యూమినియాన్ని తాకి వెనక్కి వస్తుంది. గుంతల ఎత్తుపల్లాలు ప్లాస్టిక్‌లో ఆ కాంతి తరంగదైర్ఘ్యంలో సుమారు నాలుగో వంతు ఉండేలా అచ్చు తయారుచేస్తారు. అందువల్ల గుంతని తాకి వచ్చిన కాంతికీ చుట్టుపక్కల చదును నుంచి వచ్చిన కాంతికీ మధ్య అర తరంగం తేడా వస్తుంది. రెండూ ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. సెన్సరుకి అక్కడ వెలుగు తగ్గుతుంది. ప్లేయరు చదివేది ఈ వెలుగు హెచ్చుతగ్గుల్నే.

ఇక్కడ రెండు చిక్కులున్నాయి. లేజరు చుక్క డిస్కు లోపల రెండు మైక్రాన్ల లోపుకి కుదించుకోవాలి. లెన్సు ఎత్తు రెండు మైక్రాన్లు అటూ ఇటూ అయితే మసకే. కానీ తిరిగే డిస్కు పైకీ కిందకీ అర మిల్లీమీటరు దాకా ఊగుతుంది. అది తప్పు కాదు, ప్రమాణాలు ఒప్పుకున్న ఊగుడే. మధ్య రంధ్రం కూడా సరిగ్గా నడిమధ్యన ఉండదు కాబట్టి పాట దారి పక్కలకీ పదుల మైక్రాన్లు జరుగుతుంటుంది. ఈ ఊగుడినంతా వెంటాడుతూ లెన్సు తన ఎత్తునీ పక్కచూపునీ క్షణక్షణం సర్దుకోవాలి. అందుకే ఆ చిన్న ప్లాస్టిక్ లెన్సుని సన్నటి తీగల మీద వేలాడదీసి, చుట్టూ కాయిళ్లు, అయస్కాంతాలు పెట్టారు. వెనక్కి వచ్చిన కాంతి ఒక స్తూపాకార లెన్సు గుండా సాగి నాలుగు గదుల సెన్సరు మీద పడుతుంది. ఎత్తు సరిగ్గా ఉంటే చుక్క గుండ్రంగా పడి నాలుగు గదులకీ సమానంగా వెలుగు అందుతుంది. లెన్సు దగ్గరైతే చుక్క ఒక మూలకి సాగుతుంది, దూరమైతే రెండో మూలకి. ఎదురెదురు గదుల వెలుగుల్ని కూడి, ఒక జత నుంచి రెండో జతని తీసేస్తే లెన్సు ఎటు కదలాలో తేలిపోతుంది. నా లెక్కలో సీడీ ప్లేయరులో అన్నిటికన్నా అందమైన ఆలోచన ఇదే. దీనికి మైక్రోప్రాసెసరు కూడా అక్కర్లేదు, కూడికా తీసివేతా చాలు.

డిస్కు మీద గీత పడ్డా పాట ఆగకపోవడానికి కారణం వేరే ఉంది. 1960లో ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సాలమన్ అనే ఇద్దరు గణితవేత్తలు ప్రచురించిన తప్పులు దిద్దే పద్ధతిని సోనీ, ఫిలిప్స్ ఇంజనీర్లు సీడీకి మలిచారు. ప్రతి 24 బైట్ల సంగీతానికీ 8 బైట్ల తనిఖీ సమాచారం చేర్చారు. పైగా ఒకేచోట ఉండాల్సిన బైట్లని వరస తప్పించి, ఒకటిన్నర సెంటీమీటరుకి పైగా దారి పొడవునా చెదరగొట్టారు. ప్రయాణంలో డబ్బంతా ఒకే జేబులో పెట్టుకోకుండా నాలుగుచోట్ల దాచుకునే మన పెద్దవాళ్ల తెలివే ఇది. ఒకచోట గీత పడి మొత్తం పోయినా, వరస సరిచేశాక ఆ నష్టం అక్కడో బైటు ఇక్కడో బైటుగా విడిపోతుంది, లెక్కతో దిద్దుకోవచ్చు. దారి వెంబడి సుమారు రెండున్నర మిల్లీమీటర్ల పొడవున సమాచారం మొత్తం పోయినా అక్షరం తేడా లేకుండా తిరిగి కట్టగలదు. అది దాటితే పక్క నమూనాలని చూసి మధ్యవి ఊహిస్తుంది. ఇంకా ఎక్కువైతే శబ్దం కట్టేస్తుంది. మనకి చిటపటలు వినిపించేసరికి ఈ కోటలన్నీ కూలినట్టే.

డిస్కుని తుడిచే తీరు కూడా ఇందులోంచే వస్తుంది. నడిమి నుంచి అంచుకి గీత పడితే అది ఒక్కో చుట్టనీ ఒక్కచోట మాత్రమే కోస్తుంది, దిద్దుకోవడం తేలిక. దారి వెంబడే గుండ్రంగా పడితే మిల్లీమీటర్ల కొద్దీ సమాచారం వరసగా పోతుంది. కాబట్టి మెత్తటి నూలుగుడ్డతో కేంద్రం నుంచి బయటికి తిన్నగా తుడవాలి. పళ్లెం తోమినట్టు గుండ్రంగా తుడిస్తే గుడ్డలోని ఇసుక రేణువు చేయకూడని పనే చేస్తుంది. ఇక లేబుల్ వైపు పడ్డ గీత అసలైన ప్రమాదం. కింది వైపు గీత 1.2 మిల్లీమీటర్ల ప్లాస్టిక్‌ని దాటి రావాలి. పైగా అక్కడ లేజరు వెడల్పు ముప్పాతిక మిల్లీమీటరు, దుమ్ము కణాల్ని అది పట్టించుకోదు. లేబుల్ వైపు మాత్రం లక్క పొర దాటితే అల్యూమినియమే. డిస్కుని ట్యూబులైటుకి ఎదురుగా పట్టుకుని చూడండి. సూది మొన కన్నాల్లా వెలుతురు కనిపిస్తే అక్కడి పాట పోయినట్టే, ప్లేయరుని తిట్టి లాభం లేదు.

సరే, డిస్కు బాగానే ఉంది. కొట్లో కొన్న, ఫ్యాక్టరీ అచ్చు డిస్కులు మూడు నాలుగు పెట్టి చూసినా ప్లేయరు చదవడం లేదు. ఇప్పుడు ఆ మొదటి సెకన్లు వినాలి.

ట్రే మూసుకోగానే పికప్ పట్టాల మీద లోపలికి, కేంద్రం వైపుకి జరిగి, ఒక చిన్న స్విచ్చిని నొక్కుతుంది. తర్వాత లేజరు వెలుగుతుంది. లెన్సు రెండు మూడుసార్లు పైకీ కిందకీ ఆడుతుంది. వెనక్కి కాంతి వస్తోందా, ఏ ఎత్తులో స్పష్టంగా వస్తోంది అని వెతకడం అది. కాంతి దొరికితే లెన్సు అక్కడే నిలుస్తుంది, డిస్కు తిరగడం మొదలవుతుంది. లోపలి అంచు దగ్గర వేగం నిమిషానికి సుమారు 500 చుట్లు. డిస్కు మొదట్లో ఉండే విషయసూచిక చదవడం పూర్తయ్యాక తెర మీద పాటల సంఖ్య, మొత్తం నిడివి కనిపిస్తాయి. కొన్ని మోడళ్లలో డిస్కు తిరగడం ముందు, కాంతి వెతకడం తర్వాత. వరస కాస్త అటూ ఇటూ అయినా మెట్లు ఇవే. ఏ మెట్టు మీద ఆగిందన్నదే అసలు ప్రశ్న.

ట్రేయే సరిగా మూసుకోకపోతే చూడాల్సింది రబ్బరు బెల్టు. ఏళ్ల తరబడి ఒకే ఆకారంలో ఉండి సాగిపోతుంది. కొత్తది వేస్తే సరి.

లెన్సు పైకీ కిందకీ ఆడి, డిస్కు తిరగకుండానే ‘నో డిస్క్’ వచ్చిందంటే వెనక్కి తగినంత కాంతి రావడం లేదు. ఎక్కువసార్లు ఇది మురికి పనే. ప్లేయరు మన ఇళ్లలో ఎక్కడుంటుందో గుర్తు చేసుకోండి. హాల్లో టీవీ కింద, పక్కనే దేవుడి గూడు, ఇవతల వంటిల్లు. అగరుబత్తి పొగ, దోమల కాయిల్ పొగ, పోపు జిడ్డు, ఇవన్నీ కలిసి లెన్సు మీద పల్చటి పొర కడతాయి. దుమ్మైతే ఊదితే పోతుంది. ఈ జిగురు పోదు. కాంతి రెండుసార్లు, పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి ఆ పొర దాటాలి కాబట్టి నష్టం రెండింతలు.

శుభ్రం చేయడం కష్టమేమీ కాదు. ప్లగ్గు పీకి, మూత స్క్రూలు విప్పితే డిస్కు స్థానానికి కింద నీలి ఛాయ మెరిసే చిన్న లెన్సు కనిపిస్తుంది. ఆ నీలం దాని మీది పూత. కంటికి మసకగా, తెల్లటి తెర కప్పినట్టుంటే దొంగ దొరికినట్టే. మొబైల్ రిపేరు షాపుల్లో వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దొరికితే దానిలో ఇయర్‌బడ్ కొస తడిపి, కారకుండా విదిలించి, బరువు వేయకుండా లెన్సు మీద ఒకటి రెండు చుట్లు తిప్పాలి. వెంటనే పొడి బడ్‌తో అంతే మెత్తగా తుడవాలి. లెన్సు తీగల మీద ఆడుతుంటుంది, కొంచెం కిందకి దిగితే కంగారు పడక్కర్లేదు, వదిలితే పైకి వస్తుంది. పక్కకి లాగితే మాత్రం తీగ వంగుతుంది, అప్పుడు నిజంగానే లెన్స్ పోయినట్టు. థిన్నరు, నెయిల్ పాలిష్ రిమూవరు దగ్గరికి కూడా రానివ్వకండి, ప్లాస్టిక్ లెన్సు కరిగి తెల్లబడుతుంది. సెంటు కలిసినవి, నీళ్లు ఎక్కువున్నవి మరకలు మిగులుస్తాయి. బ్రష్షు అతికించిన ‘క్లీనింగ్ డిస్కు’లు పొడి దుమ్ముకి పనికొస్తాయేమో గానీ, జిడ్డుకి కావు.

మూత తీసి ఉన్నప్పుడు ప్లగ్గు పెట్టి చూడాలనుకుంటే ఒక్క మాట. లెన్సు నెత్తిన కన్ను పెట్టి చూడకండి. పరారుణం కంటికి దాదాపు కనిపించదు, కనిపించే ఎర్ర చుక్క అసలు వెలుగులో ఇసుమంత. కనిపించలేదు కాబట్టి కన్ను మూసుకోదు, అదే ప్రమాదం. అడుగు దూరం నుంచి, ఏటవాలుగా చూస్తే ఆ ఎర్ర చుక్క కనిపించాలి. కొన్ని ఫోను కెమెరాల్లో ఇది స్పష్టంగానే తెలుస్తుంది. చుక్క ఉన్నంత మాత్రాన లేజరు ఆరోగ్యంగా ఉందని కాదు, వెలుగుతోందని మాత్రమే.

డిస్కు తిరగడం మొదలుపెట్టి, కాసేపు తడుముకుని, ఆగిపోతే కథ వేరు. లెన్సుకి కాంతి దొరికింది, సమాచారమే దొరకడం లేదు. ఇక్కడ నేనైతే ముందు పట్టాలు చూస్తాను. పికప్ జారే ఇనుప కడ్డీ మీద ఫ్యాక్టరీలో పూసిన గ్రీజు ఇరవై ఏళ్లకి మైనంలా గడ్డకడుతుంది. మొదటి పాటలు బాగా వచ్చి, చివరి పాటల దగ్గర ఎక్కిళ్లు పడితే, లేదా ఒక పాట మధ్యలో ఎప్పుడూ ఒకేచోట ఇరుక్కుంటే అనుమానం దీని మీదే. పాతది ఆల్కహాల్‌తో పూర్తిగా తుడిచి, ప్లాస్టిక్‌కి హాని చేయని పల్చటి గ్రీజు చుక్కంత పూస్తే చాలు. పళ్లచక్రాల మధ్య చీమ కాలంత చెత్త ఇరుక్కున్నా ఇదే లక్షణం. ట్రాన్స్‌ఫార్మరు వెచ్చదనానికి బొద్దింకలు కాపురం పెట్టిన ప్లేయర్లలో ఏమేం ఇరుక్కుంటాయో చెప్పక్కర్లేదు.

తర్వాత డిస్కుని తిప్పే మోటారు. బ్రష్షులున్న చిన్న డీసీ మోటారు అది. లోపలి కమ్యుటేటరు అరిగినచోట ఆగిందంటే మళ్లీ కదలదు, వేలితో కొంచెం తోస్తే తిరుగుతుంది. తోస్తే తిరిగి, పాట వచ్చిందంటే పికప్ జోలికి వెళ్లకండి, మోటారు మార్చండి. డిస్కు కూర్చునే బిళ్ల మోటారు కడ్డీ మీద మిల్లీమీటరు కిందకి జారినా లెన్సు అందుకోలేని ఎత్తు తేడా వస్తుంది. పైనుంచి డిస్కుని అయస్కాంతంతో నొక్కిపట్టే మూత ఊడిపోతే డిస్కు జారుతూ తిరుగుతుంది. మూత తీసి పరీక్షించేవాళ్లు ఈ ముక్కని పక్కన పెట్టేసి, ఇంకో జబ్బు కోసం వెతకడం తరచూ జరిగేదే.

ఇవన్నీ బాగుండి, లెన్సు మెరుస్తూ ఉండి, అయినా చదవకపోతే అప్పుడు లేజరు వయసు మాట ఎత్తాలి. లేజరు డయోడు ముసలిదవుతున్నకొద్దీ అంతే వెలుగివ్వడానికి ఎక్కువ కరెంటు తాగుతుంది. పికప్‌కి అతికించిన చిన్న కాగితం మీద ఫ్యాక్టరీలో కొలిచిన కరెంటు అంకెల్లో ఉంటుంది. సోనీ పికప్‌లలో చివరి మూడంకెలు 437 అని ఉంటే 43.7 మిల్లీ ఆంపియర్లని అర్థం. మెకానిక్కు సర్క్యూట్‌లో కొలిచినప్పుడు అది పది శాతానికి మించి పెరిగిందంటే డయోడు చివరి దశలో ఉన్నట్టే. కొలవకుండా ‘లెన్స్ పోయింది’ అనేవాళ్లని ఆ కాగితం సంగతి అడిగి చూడండి.

ఇక్కడే ఒక చెడ్డ అలవాటు ఉంది. పికప్ పక్కన చిన్న స్క్రూ లాంటి ప్రీసెట్ ఉంటుంది. దాన్ని కాస్త తిప్పితే లేజరుకి కరెంటు పెరుగుతుంది, చావబోయే ప్లేయరు చటుక్కున లేచి పాడుతుంది. కస్టమరు సంతోషంగా డబ్బులిచ్చి వెళ్తాడు. కొద్ది వారాల్లో లేజరు మాడిపోతుంది. ఇంకా దారుణం ఏమిటంటే లెన్సు మురికి వల్ల వచ్చిన జబ్బుకి కూడా ఈ మందే వేస్తుంటారు, దాంతో మంచి లేజరు కూడా కాలుతుంది.

కొత్త పికప్ తెప్పిస్తే ఒక సూక్ష్మం. హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీ లాంటిచోట కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా, కేఎస్ఎస్-213 వంటి రకాల్లో లేజరు రెండు కాళ్ల మధ్య చిన్న టాంకం బొట్టు వేసి పంపుతారు. మన చేతుల్లో ఉండే స్థిరవిద్యుత్తు డయోడుని చంపకుండా కాపలా అది. కేబులు తగిలించాక ఆ బొట్టుని సోల్డరింగ్ ఐరన్‌తో తీసేయాలి. తీయడం మరిచిపోతే కొత్త పికప్ కూడా ‘నో డిస్క్’ అనే అంటుంది. ముందే తీస్తే వేలి స్పర్శకే పోవచ్చు.

జబ్బు లేకుండానే జబ్బులా కనిపించేవి రెండు మూడున్నాయి. మళ్లీ మళ్లీ రాసుకోగలిగే సీడీ-ఆర్‌డబ్ల్యూ డిస్కు, అచ్చు డిస్కు తిప్పిపంపే కాంతిలో మూడో వంతు కూడా పంపదు. పాత ప్లేయర్లు దాన్ని చూడలేవు. వంద పాటలు కుక్కిన ఎంపీత్రీ సీడీలు మన బస్టాండ్లలో ఏళ్ల తరబడి అమ్ముడుపోయాయి. వాటిని మామూలు ఆడియో ప్లేయరులో పెడితే తెర మీద ఒకటే ట్రాకు, నిశ్శబ్దం. డీవీడీ ప్లేయరు డీవీడీలు బ్రహ్మాండంగా చూపిస్తూ సీడీలు మాత్రం తీసుకోకపోతే ఆశ్చర్యపోవద్దు. అందులో 650 నానోమీటర్ల ఎర్ర లేజరు డీవీడీకి, 780 నానోమీటర్లది సీడీకి, రెండూ వేరు. ఒకటి పోయి ఇంకొకటి బతికి ఉండొచ్చు. ఏసీ కారులోంచో చల్లటి గదిలోంచో కోస్తా ఉక్కలోకి తెచ్చిన ప్లేయరు లెన్సు మీద ఆవిరి పట్టడం కూడా మామూలే. గంట ఆగితే అదే ఆరుతుంది.

జపాన్‌లో 1982 అక్టోబరు 1న సోనీ సీడీపీ-101 అమ్మకానికి వచ్చినప్పుడు దాని ధర 1,68,000 యెన్లు. ఇవాళ వాడిన ప్లేయర్లు చాలా చవకగా దొరుకుతున్నాయి కాబట్టి పికప్ దాకా వెళ్లిన ప్రతి రిపేరూ గిట్టుబాటు కాదు. లెన్సు తుడవడం, గ్రీజు మార్చడం, బెల్టు వేయడం ఎప్పుడైనా చేయదగ్గవే. లేజరు పోయిన మామూలు ప్లేయరుని మాత్రం, పికప్ సులభంగా దొరికే మోడలు అయితే తప్ప, వదిలేయమనే నా సలహా.

ప్లేయరు మళ్లీ చదవడం మొదలుపెట్టాక పరీక్షకి అచ్చు డిస్కులే వాడండి, ఇంట్లో రాయించుకున్న పెళ్లి సీడీని పెట్టకండి. రాసుకునే డిస్కుల్లో గుంతలుండవు, రంగు పొర మీద లేజరు వేసిన మచ్చలుంటాయి. వెలుతురుకీ వేడికీ ఆ రంగు మెల్లగా పాడవుతుంది. బీరువాలో అలాంటివి ఉంటే ఈ వారమే కంప్యూటరులోకి ఎక్కించుకోండి.